మూడో మిషన్ ముక్కు

ఆ పైపుల ఫ్యాక్టరీలో ముక్కత్త అంటే తెలియని మనిషి లేడు. ఆమెకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది, కాని దానితో ఎవరికీ పని పడలేదు. కొత్తగా చేరినవాళ్లు ముందు ఆమె ముక్కు వైపు చూసి, అది మామూలు ముక్కే కావడంతో కాస్త నిరుత్సాహపడేవాళ్లు. పొడుగూ కాదు, చప్పిడిదీ కాదు. ఒక్కరోజు పక్కన నిలబడి పని చేశాక గాని దాని గొప్పతనం వాళ్లకి తెలిసేది కాదు.

అక్కడ తయారయ్యేది మొక్కలకి నీళ్లు పట్టే మెత్తటి ఆకుపచ్చ పైపు. తెల్లటి ప్లాస్టిక్ పొడిలో రంగూ, నూనెలాంటి మందూ కలిపి మిషన్ నెత్తిన ఉన్న గరాటులో పోస్తారు. లోపల అది వేడికి కరిగి ముద్దయి, ముందున్న ఇనుప మూతిలోంచి గొట్టమై బయటికొచ్చి, నీళ్ల తొట్టిలో మునిగి చల్లబడి, తొట్టి చివర చక్రానికి చుట్టుకుంటుంది. వేడి సరిగ్గా కుదిరితే పైపు లేత ఆకులా నిగనిగలాడుతుంది. ఏ కాస్త ఎక్కువైనా సరుకు లోపలే మాడిపోతుంది. మాడిందంటే మిషన్ ఆపి, మూతి విప్పి, అంటుకుపోయిన బొగ్గునంతా గీకేసరికి ఫోర్‌మన్‌కి తల ప్రాణం తోకకొచ్చేది.

మాడబోయే ముందు ఒక ఘాటు లేస్తుంది. దాన్ని అందరికన్నా ముందు పసిగట్టేది ముక్కత్త. మూడో మిషన్ మూతి దగ్గర నిలబడి, పైపు మీద చూపు ఆనించి, ఉన్నట్టుండి తల పైకెత్తి, "అబ్బాయ్, వేడి తగ్గించు" అనేది. ఫోర్‌మన్ ఎందుకని అడక్కుండా తగ్గించేవాడు. ఆ మిషన్‌కి వేడి చూపించే మీటరు లేకపోలేదు. అది ఏనాడో ఒకే అంకె దగ్గర బిగుసుకు కూర్చుంది. ఆ సంగతి చెప్పబోతే యజమాని నవ్వి, "ముక్కత్త ఉండగా మీటరెందుకయ్యా" అనేవాడు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ముక్కత్త తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, దులిపి, మళ్లీ కాస్త ఎత్తుగా కట్టుకునేది.

మిషన్ పైన గోడలో పొగని బయటికి లాగే పెద్ద ఫ్యాన్ కూడా ఉంది. దాని నోటికి గోనెపట్టా అడ్డంగా కట్టించింది ముక్కత్తే. ఫ్యాన్ తిరిగితే వాసన ఆమె దాకా రాకుండానే గోడ దాటిపోయేది. అలా రెండుసార్లు సరుకు మాడాక ఆమె ఫోర్‌మన్‌ని నిలదీసింది.

"నీకు ఫ్యాన్ కావాలా నాయనా, నా ముక్కు కావాలా? రెండూ అంటే కుదరదు."

ఫోర్‌మన్ ముక్కే కావాలన్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ మీద టేపు అంటించి పోయాడు. వాసన గదిలోనే ఉండాలంటే పొగ కూడా గదిలోనే ఉండాలి కదా అని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఫ్యాన్ రొద లేక గది ప్రశాంతంగా ఉందని మాత్రం అందరూ సంతోషించారు.

అంత ధీమాగల మనిషికి ఒక్క సంగతిలో మాత్రం గుండె నిబ్బరం లేదు. ఎవరైనా గుమ్మం దాటి వెళ్తుంటే ఆమెకి కాళ్లూ చేతులూ ఆడవు. భర్త ఒక ఉదయం టిఫిన్ డబ్బా పట్టుకుని మామూలుగానే పనికి వెళ్లాడు, మనిషి తిరిగి రాలేదు, డబ్బా వచ్చింది. తోడబుట్టినవాళ్లు తలో దిక్కు అయ్యారు. ఒక్కగానొక్క కొడుకు లారీ డ్రైవరు, ఇంట్లో కన్నా రోడ్డు మీదే ఎక్కువ ఉంటాడు. వాడు బయల్దేరే వేళకి ముక్కత్త వంటింట్లో అటక మీద ఏదో వెతుకుతూ ఉంటుంది. లారీ చప్పుడు సందు దాటాక గాని కిందికి దిగదు.

"ఆ అటక మీద ఏం పారేసుకున్నారో చెప్పండత్తయ్యా, నేనూ వెతుకుతాను" అనేది కోడలు.

"నోర్మూసుకుని గిన్నెలు కడుగు" అనేది ముక్కత్త, నవ్వు ఆపుకుంటూ.

ఆ కోడలు ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ముక్కత్త దిగులు సగమైంది. పిల్ల గలగలా మాట్లాడుతుంది, పడీపడీ నవ్వుతుంది. మొగుడు ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో గోడలతో ఎంతసేపు మాట్లాడను అని తనే అడిగి ఫ్యాక్టరీలో చేరింది. మూడో మిషన్ చివర, చక్రం దగ్గర పైపుని చుట్టలు చుట్టి టేపు వేసే పని ఇచ్చారు. అత్త ఒక కొస, కోడలు ఒక కొస, మధ్యలో నీళ్ల తొట్టి. ఇద్దరూ కలిసి వెళ్తారు, కలిసి వస్తారు. దారి పొడుగునా కోడలు ఫోర్‌మన్ నడక అనుకరిస్తుంది, పొడిమామ తుమ్ము అనుకరిస్తుంది. పొడిమామంటే పొడి కలిపే పెద్దాయన. ఆయన మీసాలు నల్లగా ఉంటాయో తెల్లగా ఉంటాయో ఫ్యాక్టరీలో ఎవరూ చూసి ఎరగరు.

కొన్నాళ్లకి కోడలికి దగ్గు పట్టుకుంది.

మొదట్లో అది పొడి దగ్గు. ముక్కత్త దానికి కారణాలు వెతికింది, దొరికాయి కూడా. తలస్నానం చేసి జుట్టు ఆరకుండా జడ వేసుకోవడం. చల్లనీళ్లు గటగటా తాగడం. తింటూ మాట్లాడటం, మాట్లాడుతూ నవ్వడం, నడుస్తూ పాడటం.

"గొంతుకి ఒక్క నిమిషం సెలవిచ్చావుటే ఎప్పుడైనా? అది మాత్రం ఏం చేస్తుంది, మొరాయించింది" అంది ముక్కత్త.

"అయితే మౌనవ్రతం పడతానత్తయ్యా" అంది కోడలు. వ్రతం సందు చివరిదాకా సాగింది.

దగ్గు మాత్రం ఆగలేదు. మధ్యాహ్నం దాటేసరికి ఛాతీ బిగదీసినట్టుండి, చుట్ట ఎత్తి పక్కన పెట్టడానికి కూడా పిల్ల ఆగి ఆగి ఊపిరి పీల్చుకునేది. ఇంటి మేడ మెట్లు పరుగెత్తి ఎక్కే మనిషి మధ్య మెట్టు మీద కూర్చుని, "ఇక్కడ గాలి బాగుందత్తయ్యా, మీరు పదండి" అనడం మొదలుపెట్టింది. ముక్కత్త కూడా పక్కన కూర్చునేది. గాలి బాగుందో లేదో ఆమెకి తెలిసేది కాదు గాని బాగుందనే అనేది.

అంతలో ఫ్యాక్టరీకి ఒక డాక్టరమ్మ వచ్చింది. పనివాళ్ల ఊపిరి పరీక్ష చెయ్యాలట. చేతిలో ఒక చిన్న గొట్టం, దాని మీద జరిగే ముల్లు ఉన్నాయి. గుండెల నిండా గాలి పీల్చి గొట్టంలో ఒక్క ఊపున ఊదితే, ముల్లు ఎంత దూరం జరిగితే ఊపిరి అంత గట్టిదన్న మాట.

ఇక చూడాలి సందడి. ఫోర్‌మన్ బెలూన్ ఊదినట్టు బుగ్గలు పూరించి కళ్లు బయటికొచ్చేలా ఊదాడు. పొడిమామ ఊదితే ముల్లు కన్నా ముందు మీసాల్లోంచి పొడి లేచింది. డాక్టరమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. ముక్కత్త వంతు వచ్చేసరికి ఆమె రెండడుగులు వెనక్కి వేసింది.

"నేను ముక్కు మనిషినమ్మా, నోటి మనిషిని కాదు. ఊదడాలవీ మా కోడలికి బాగా వచ్చు."

కోడలు నవ్వుకుంటూ వచ్చి ఊదింది. ముల్లు సగం దారిలో ఆగిపోయింది. ఇంకోసారి ఊదమంటే దగ్గు తెర అడ్డొచ్చింది.

"సెలవు రోజుల్లో కూడా ఇలాగే దగ్గుతావా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ. సెలవు రోజు పొద్దున్నే మా అత్తయ్య దగ్గుతారు, నన్ను నిద్ర లేపడానికి."

అందరూ నవ్వారు. డాక్టరమ్మ కూడా నవ్వింది గాని ఆమె కళ్లు నవ్వలేదు. పిల్ల కూర్చునే చోటికి వెళ్లి నిలబడింది. తలుపులోంచి వచ్చే గాలి మిషన్ మూతి మీదుగా వీచి, పొగని తిన్నగా ఆ మూలకే తోస్తోంది. అక్కడ నిలబడగానే ఆమెకే గొంతు గరగరలాడింది. తల ఎత్తి గోడ వైపు చూసింది.

"ఆ గోనెపట్టా ఏమిటి?"

ఫోర్‌మన్ పొడిమామని చూశాడు. పొడిమామ ముక్కత్తని చూశాడు. ముక్కత్త పైపుని చూసింది.

డాక్టరమ్మ యజమాని గదికి వెళ్లి కటువుగానే చెప్పింది. మాడిన ప్లాస్టిక్ ఆవిరి ఊపిరితిత్తుల్ని కోసేస్తుందట. ఆ పిల్ల ముందు వారం రోజులు ఇంటి పట్టున ఉండి, ఇచ్చిన మందు పీల్చాలి. తను నెల తిరిగేసరికి మళ్లీ వస్తుంది. ఈలోగా ఈ గదిలో గాలి బాగుపడాలి, లేకపోతే పిల్లని ఈ గది నుంచి మార్చాలి.

యజమానికి రెండోదే తేలికగా కనిపించింది. "ఏరు అవతల మన గోడౌన్ ఉంది కదా, అక్కడికి పంపిద్దాం. కాకపోతే అక్కడ పని తెల్లవారుజామునే మొదలవుతుంది. ఆ పక్కనే ఎక్కడో గది తీసుకుంటే సరి" అన్నాడు.

గది తీసుకుంటే సరి! ఆ మాట ముక్కత్త చెవిలో జోరీగలా తిరిగింది. ఇంటికి వెళ్తూ దారంతా డాక్టరమ్మనే తిట్టింది.

"సూది మందు పొడవలేదు, నాలిక చూడలేదు, బూర ఊదించుకుపోయింది. అదేం వైద్యం? రెండు రోజులు వేడినీళ్లు తాగితే నీ దగ్గు తగ్గకపోతే నన్నడుగు."

"అత్తయ్యా, ఆ గోనెపట్టా తీసేస్తే..."

"తీసేస్తే నా ముక్కుకి పనేముంటుంది? ముక్కుకి పని లేకపోతే ముక్కత్తకి పనేముంటుంది?"

కోడలు ఇంకేం మాట్లాడలేదు. ఆ పిల్ల మాట్లాడకపోతే ముక్కత్తకి భయం వేస్తుంది. అయినా బింకం వదల్లేదు.

మర్నాడు ముక్కత్త ఒక్కతే పనికి వెళ్లింది. చక్రం దగ్గర పొడిమామని కూర్చోబెట్టారు. పొద్దంతా పని బాగానే సాగింది. గది నిశ్శబ్దంగా ఉంది. తొట్టిలో నీళ్లు కదిలే చప్పుడు తప్ప మరేం లేదు. ముక్కత్త మూతి దగ్గర నిలబడి ఇంట్లో ఉన్న పిల్ల గురించే ఆలోచిస్తోంది. మందు పీల్చిందో లేదో. గోడౌన్ పక్కన గదులు ఎలా ఉంటాయో. అక్కడ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది, ఇక్కడ తను ఎవరి మాటలు వింటుంది?

ఉన్నట్టుండి పొడిమామ, "అమ్మో!" అంటూ లేచాడు. మెడలో తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని తలుపు వైపు పరిగెత్తాడు. పక్క మిషన్ల వాళ్లు చొక్కా అంచులు ముక్కుకి నొక్కుకుని, కళ్లలో నీళ్లు కారుతుండగా ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి ఉరికారు. ఫోర్‌మన్ దగ్గుతూ లోపలికొచ్చి మిషన్ స్విచ్ కట్టేశాడు. అప్పటికి తొట్టిలో ఆకుపచ్చ పైపు లేదు. కాల్చిన కర్రలా గోధుమరంగు తిరిగి, బొడిపెలు బొడిపెలుగా ఏదో తేలుతోంది.

గది నడిమధ్య ముక్కత్త ఒక్కతే తాపీగా నిలబడి ఉంది.

"ఏమైందిరా అందరికీ?" అంది.

ఫోర్‌మన్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. వాకిట్లో కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. ఆమె కళ్లు కూడా ఎర్రబడి నీళ్లు కారుతున్నాయి, ఆ సంగతి ఆమె అప్పటిదాకా గమనించలేదు.

"ముక్కత్తా, జలుబు చేసిందా?" అన్నాడు పొడిమామ.

"చేసిందేమో" అంది ముక్కత్త.

జలుబు లేదు. అది ఆమెకి తెలుసు. పొడి బస్తా మీద కూర్చుని వెనక్కి ఆలోచించింది. మొన్న ఇంట్లో పొయ్యి మీద గిన్నె మాడి అడుగు నల్లబడిపోయినా తను పక్కనే కూర్చుని దారం ఎక్కిస్తోంది. పక్కింటావిడ వచ్చి గిన్నె దించింది. అప్పుడు సూది మీద ధ్యాస ఉంది కాబట్టి అనుకుంది. మరి పోయిన నెల సరుకు మాడబోతుంటే ఎలా పట్టుకుంది? అంతకుముందు నెల? ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. తను మూతి దగ్గర నిలబడి ఉంది. తొట్టి చివర కోడలు దగ్గింది. తను తల ఎత్తింది. "అబ్బాయ్, వేడి తగ్గించు" అంది. ఆ ముందుసారీ అంతే. పిల్ల దగ్గింది, తను తల ఎత్తింది. పొగ ముందు వెళ్లేది పిల్ల కూర్చున్న మూలకే.

తన ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది. ఇన్నాళ్లూ మూడో మిషన్‌కి మీటరుగా పనిచేసింది ఆ పిల్ల ఛాతీ.

ముక్కత్తకి ఏడుపు వచ్చేదే, కాని అంతకన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీదో తెలియక ఆమె గోడకి ఆనించి ఉన్న నిచ్చెన తీసుకుంది. లోపలికి వెళ్లి ఫ్యాన్ కింద వేసింది. టేపు కోసే కత్తి నోట కరుచుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

"ముక్కత్తా! ఆ వయసులో నిచ్చెనేంటి? పడితే మూడో మిషన్ మీద పడతావు!" అని ఫోర్‌మన్ గోల పెట్టాడు.

ఆమె కత్తి చేతిలోకి తీసుకుని గోనెపట్టా తాళ్లు ఒక్కొక్కటే కోసింది. పట్టా ధబ్బున కింద పడింది. "ఇక ఆ స్విచ్ వెయ్యి" అంది.

"వేస్తా గాని, మరి వాసన..."

"వెయ్యవయ్యా!"

ఫోర్‌మన్ టేపు పీకి స్విచ్ వేశాడు. ఫ్యాన్ మూలిగింది, కదలనంది, తర్వాత ఒక్కసారిగా గిర్రున తిరిగింది. ఏళ్ల తరబడి రెక్కల మీద పేరుకున్న దుమ్మంతా కింద నిలబడ్డ ఫోర్‌మన్ నెత్తిన కుమ్మరించింది. పొడిమామ దగ్గరికొచ్చి ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఇన్నాళ్లకి నాకో తమ్ముడు దొరికాడు" అన్నాడు.

ముక్కత్త నిచ్చెన దిగి, గుడ్డ దులిపి తలకి కట్టుకుని, నేరుగా యజమాని గదికి వెళ్లింది. పిలిస్తే తప్ప ఆమె ఆ గదికి వెళ్లేది కాదు.

"అయ్యా, మూడో మిషన్‌కి మీటరు బాగు చేయించండి. నా ముక్కు పోయింది."

యజమాని నవ్వాడు. "నీ ముక్కు పోవడమేంటి ముక్కత్తా? ముఖం మీదే ఉంది కదా."

"అది అలంకారానికి ఉంది. పని చెయ్యడం లేదు."

ఆయన నమ్మలేదు. కళ్లు మూసుకోమని, కిటికీలో ఉన్న నేల కడిగే ఫినాయిల్ సీసా మూత తీసి ఆమె ముక్కు కింద పెట్టాడు. ముక్కత్త బలంగా పీల్చింది.

"టీ తెప్పించారా?" అంది.

ఆయన ముఖంలో నవ్వు పోయింది. బల్ల సొరుగులోంచి తన అత్తరు సీసా తీసి పెట్టాడు.

"ఇదీ టీయేనా?" అంది ముక్కత్త.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "ఎప్పటి నుంచి?"

"తెలియదయ్యా. పోయేటప్పుడు చెప్పి పోలేదు." ఆమె తలగుడ్డ సర్దుకుని అంది, "ఇన్నాళ్లూ మీ సరుకు మాడకుండా కాపాడింది నా ముక్కు కాదు, మా కోడలి దగ్గు. అది దగ్గడం, నేను వేడి తగ్గించమనడం."

"అయ్యయ్యో. అందుకే నేనంటున్నా, పిల్లని గోడౌన్‌కి..."

"పిల్లని పంపిస్తే ఆ మూల ఖాళీగా ఉంటుందా? ఇంకో పిల్లని కూర్చోబెడతారు. కొన్నాళ్లకి అదీ దగ్గుతుంది. అప్పుడు దాన్నీ పంపిస్తారు. ఇలా ఎంతమందిని ఏరు దాటిస్తారు? ఈ ఊపిరి గోలంతా ఆ గదిలో ఉంటే, గదిని వదిలేసి మనుషుల్ని మారుస్తారేంటయ్యా?"

యజమాని కిటికీలోంచి బయటికి చూశాడు. వాకిట్లో మాడిన పైపు కుప్ప ఇంకా పొగలు కక్కుతోంది. పొడిమామ దాని చుట్టూ తిరుగుతూ కర్రతో పొడుస్తున్నాడు.

"ఫిట్టర్ని పిలిపిస్తా" అన్నాడు చివరికి.

ఫిట్టరు వచ్చి మీటరు తీగ మార్చాడు. మూతి మీద రేకుతో గూడులాంటిది కట్టి, దాని నుంచి ఫ్యాన్ దాకా గొట్టం వేశాడు. పొడిమామకి తువ్వాలు బదులు ముక్కూ నోరూ మూసే మాస్కు ఇచ్చారు. అది పెట్టుకుని ఆయన చెప్పే మాటలు ఎవరికీ అర్థం కాక, "ఇప్పుడే హాయిగా ఉంది" అన్నారు అందరూ.

ముక్కత్త ఇంటికి వెళ్లి జరిగిందంతా కోడలికి చెప్పింది. చెప్పేటప్పుడు అటక వైపు చూస్తూ చెప్పింది. కోడలు అంతా వింది.

"అయితే నా దగ్గుకి జీతం రావాలి కదత్తయ్యా" అంది.

"నీ నోరు పడిపోను" అంది ముక్కత్త. కళ్లు తుడుచుకోవడానికి అటక మీదికి ఎక్కాల్సిన పని లేకపోయింది, అక్కడే తుడుచుకుంది.

కోడలు ఏదో ఆలోచిస్తూ కూర్చుంది. "నాకొకటి అర్థం కాదత్తయ్యా. పైపు ఎంత దూరమైనా పోతుంది కదా, దాని గుణమే అది. మరి నేనెందుకు వెళ్లి ఆ పొగలో కూర్చోవాలి? గోడకి ఒక కన్నం పెడితే అదే బయటికొస్తుంది. నేను వరండాలో కూర్చుని చుడతా."

అన్నేళ్లు ఆ మిషన్ దగ్గర నిలబడిన ముక్కత్తకి గాని, ఆ మిషన్‌తోనే కాపురం చేస్తున్న ఫోర్‌మన్‌కి గాని తట్టని ముక్క అది.

"గోడ ఎవరు పగలగొడతారే?"

"మీరు నిచ్చెనెక్కితే ఫోర్‌మన్ హడలిపోయాడట కదా. గునపం పట్టుకోండి, గోడ తనే పగలగొడతాడు."

అలాగే జరిగింది. ముక్కత్త గునపం అడిగిందని వినగానే ఫోర్‌మన్ పరుగెత్తుకొచ్చి గోడకి కన్నం పెట్టించాడు. తొట్టి పొడిగించారు. చక్రాన్ని వరండాలోకి మార్చారు. ఆకుపచ్చ పైపు గోడలోంచి తల బయటపెట్టి, ఎండలోకి జరజరా పాకుతూ వచ్చింది. కోడలు సెలవు ముగించుకుని వచ్చి దాని ముందు కూర్చుంది. ముక్కత్త లోపల మూతి దగ్గరే నిలబడి, ఊరికే ఉండలేక గంటకోసారి కన్నంలోంచి, "ఒసేయ్, ఎలా ఉంది?" అని అరిచేది. "బాగుందత్తయ్యా, మీరెలా ఉన్నారు?" అని అటు నుంచి అరుపు వచ్చేది. ఊరు నుంచి ఊరికి ఫోను చేసుకుంటున్నట్టే ఉందని పక్క మిషన్ వాళ్లు నవ్వేవాళ్లు.

నెల తిరిగేసరికి డాక్టరమ్మ చెప్పినట్టే వచ్చింది. ఆ పొద్దున ముక్కత్త రెండుసార్లు చెప్పులు మార్చి వేసుకుంది. ఈమె ఇవాళ ఏమంటుందో దాన్ని బట్టి పిల్ల ఉంటుందా, ఏరు దాటుతుందా తేలిపోతుంది. డాక్టరమ్మ గదంతా తిరిగింది. రేకు గూడు కింద చెయ్యి పెట్టి చూసింది, పొగ చేతిని తాకకుండా పైకి పోతోంది. వరండాలోకి వచ్చి కోడలికి గొట్టం ఇచ్చింది.

కోడలు గుండెల నిండా గాలి పీల్చింది. ముక్కత్త కూడా పక్కన నిలబడి పీల్చింది. పిల్ల ఊదింది. ముల్లు మునుపు ఆగిన చోటు దాటింది, ఇంకా జరిగింది, ఇంకా జరిగి ఆగింది.

"బాగుంది" అంది డాక్టరమ్మ. "పూర్తిగా కాదు గాని చాలా బాగుంది. మందు మానకు. లోపలికి మాత్రం వెళ్లకు, ఈ వరండాలోనే ఉండు. ఇంకెక్కడికీ పంపక్కర్లేదు."

ముక్కత్త ఆపుకున్న ఊపిరంతా ఒక్కసారి వదిలింది. పొడిమామ మాస్కు లోపలి నుంచి ఏదో అన్నాడు. అది పొగడ్తే అయ్యుంటుంది.

"ఇప్పుడు మీరు ఊదండమ్మా" అంది డాక్టరమ్మ.

"నాదెందుకులే తల్లీ."

"ఊదండత్తయ్యా. నేను ఊదలేదూ?" అని కోడలు వెనక నుంచి ఆమెని ముందుకి తోసింది.

ముక్కత్త ఊదింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఇంకోసారి ఊదింది. అంతే. ఎవరూ నవ్వలేదు. డాక్టరమ్మ ఆమె వీపు మీద స్టెతస్కోపు పెట్టి విని, మెల్లగా చెప్పింది.

"అమ్మా, మీ ఊపిరి కొంత పోయింది. పోయింది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఉన్నది నిలబెట్టుకోవచ్చు. కాని మీరు ఆ మిషన్ దగ్గర ఇక నిలబడకూడదు, ఇవాళ్టి నుంచే."

ముక్కత్త తలుపులోంచి మూడో మిషన్ వైపు చూసింది. ఎవరు దూరమవుతారో అని నెల రోజులుగా గుండె చేత పట్టుకుని ఉంది గాని, దూరమయ్యేది ఆ ఇనుప మూతి అని అనుకోలేదు. అంతలో యజమాని గొంతు సవరించుకున్నాడు.

"గోడౌన్‌లో ఒక చోటు ఖాళీ ఉంది. కూర్చుని చేసే పనే..."

ముక్కత్త కోడలి వైపు చూసింది. నోరున్న కోడలు ముందుకొచ్చింది.

"గోడౌన్ లేదు, గీడౌన్ లేదయ్యగారూ. చుట్ట తిప్పుతూ టేపు వెయ్యడం ఒక్కదాని వల్ల అవుతోందా? పట్టుకోడానికి ఒక మనిషి కావాలని నేను వారం నుంచి ఫోర్‌మన్‌గారితో మొత్తుకుంటున్నాను. అడగండి."

ఫోర్‌మన్ ఆ మాట వినడం అదే మొదటిసారి. ఆయన కోడలిని చూశాడు, ముక్కత్తని చూశాడు.

"అవునండి. మొత్తుకుంటోంది. చెవులు చిల్లులు పడ్డాయి" అన్నాడు.

"మరి మూతి దగ్గర ఎవరుంటారు?" అన్నాడు యజమాని.

"మీటరుంది, నేనున్నాను, గూడుంది. ముక్కుతో పనేముందండి ఇప్పుడు? ముక్కు ఊపిరి పీల్చుకోడానికి కదా."

యజమాని చేతులెత్తేశాడు. డాక్టరమ్మ వరండాలో ఉంటే ఫరవాలేదంది, మందు ఎలా పీల్చాలో ముక్కత్తకి చూపించి వెళ్లింది. ఆ మధ్యాహ్నమే వరండాలో రెండో పీట వేశారు.

పని కొత్తగా నేర్చుకోవడం ముక్కత్తకి నామోషీగానే ఉంది. అందులోనూ నేర్పేది కోడలు.

"అలా కాదత్తయ్యా. చుట్ట మీద చుట్ట పడాలి. మీరు పాముని బుట్టలో పెడుతున్నట్టు పెడుతున్నారు."

"నువ్వు పుట్టకముందు నుంచి ఈ పైపు చూస్తున్నానే నేను!"

"చూశారు. చుట్టలేదు."

ముక్కత్త పట్టుదలగా మొదటి చుట్ట చుట్టింది, టేపు వేసింది, గర్వంగా ఎత్తి మెట్ల పక్కన నిలబెట్టింది. టేపు పట్టు వదిలింది. చుట్ట మెట్టు దిగింది, ఇంకో మెట్టు దిగింది, ఆపైన వాకిలంతా తనదే అన్నట్టు విప్పుకుంటూ గేటు వైపు దొర్లింది.

"పట్టుకోవే, పట్టుకో!"

కోడలు చెప్పులు వదిలేసి దాని వెంట పరిగెత్తింది. ముక్కత్త నాలుగడుగులు పరిగెత్తి, ఊపిరి చాలక మెట్టు మీద కూర్చుండిపోయింది. కూర్చుని, చెవులు రిక్కించి విన్నది. పిల్ల గేటు దాకా పరిగెత్తింది. పైపుని పట్టుకుంది, వెనక్కి లాగుతూ, కాళ్లకి చుట్టుకుంటే కిందపడి, లేచి, పడీపడీ నవ్వుతోంది. దగ్గలేదు. ముక్కత్త ఇంకాసేపు విన్నది. లేదు, దగ్గలేదు.

"తొక్కకే, దాన్ని తొక్కకే! నలిగిపోతే మళ్లీ నన్నంటారు!" అని అక్కడి నుంచే కేకేసింది.

"మీరు కదలకండి అక్కడ్నించి" అని అరిచింది కోడలు, పైపుని భుజాన వేసుకుని ఈడ్చుకుంటూ. "నేనే వస్తున్నా!"